పీర్-టు-పీర్ నెట్‌వర్క్‌లో లోడ్ అసమతుల్యం: అసలు కారణాన్ని వేరుచేసి పట్టుకునే పద్ధతి

కేంద్ర సర్వర్ ఉన్న వ్యవస్థలో పని పంచే యంత్రం ఒకటి ఉంటుంది కాబట్టి, ఏ సర్వర్‌కు ఎంత పని పంపిందో దాని లాగ్ చదివితే తెలిసిపోతుంది. పీర్-టు-పీర్ నెట్‌వర్క్‌లో అలా పంచేవారు ఎవరూ లేరు. హ్యాష్ ఫంక్షన్ (ఏ డేటా ఎవరి దగ్గర ఉండాలో దాని పేరు నుంచి లెక్కగట్టే సూత్రం) కొంత పంచుతుంది, వాడుకరుల ఇష్టాయిష్టాలు కొంత పంచుతాయి, ఎవరిని బయటి నుంచి చేరుకోగలం, ఎవరిని చేరుకోలేం అన్న వాస్తవం మరికొంత పంచుతుంది. ఈ మూడూ కలిసిపోయిన ఫలితమే మన గ్రాఫ్‌లో కనబడుతుంది. ఒక నోడ్ (నెట్‌వర్క్‌లోని ఒక యంత్రం) మీద మోయలేనంత భారం పడి, పక్క నోడ్ ఖాళీగా ఉన్నదని తెలియగానే చాలామంది మొదట చేసే పని కొత్త నోడ్లు కలపడం. అది ఒక్కోసారి పనిచేస్తుంది, ఎక్కువసార్లు పనిచేయదు. ఎందుకు పనిచేయలేదో కూడా తెలియకుండా పోతుంది కనుక ముందుగా కారణాన్ని వేరుచేయడమే ఈ మార్గదర్శిలోని పద్ధతి.

ఇక్కడి వివరణ ప్రధానంగా డిస్ట్రిబ్యూటెడ్ హ్యాష్ టేబుల్ (డేటా పట్టికను నోడ్లన్నీ ముక్కలుగా పంచుకునే అమరిక) మీద నడిచే నెట్‌వర్క్‌లకు, అంటే 2001లో వచ్చిన కార్డ్ (Chord), 2002లో వచ్చిన కడెమ్లియా, వాటి నుంచి పుట్టిన అమరికలకు వర్తిస్తుంది. బిట్‌టొరెంట్ తరహా ఫైలు పంపిణీ సమూహాల గురించి చివర్లో విడిగా చెబుతాను. వాటి జబ్బు వేరు, దాన్ని పట్టుకునే తీరూ వేరు.

మొదటి మెట్టు: ‘లోడ్’ అంటే ఏమిటో ముందే తేల్చుకోవడం

‘ఈ నోడ్ మీద లోడ్ ఎక్కువ’ అన్న మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. నోడ్ దగ్గర నిలవ ఉన్న డేటా ఎక్కువ కావచ్చు. తన దగ్గరున్న కీల (డేటాను వెతికే పేర్ల) కోసం వచ్చే రిక్వెస్టులు ఎక్కువ కావచ్చు. తనకు సంబంధం లేని, ఇతరుల వెతుకులాటలో దారి చూపడానికి మాత్రమే వచ్చే రూటింగ్ సందేశాలు ఎక్కువ కావచ్చు. ఇవేవీ కాక, తెరిచి ఉన్న కనెక్షన్ల సంఖ్యే నోడ్‌ను ముంచుతూ ఉండవచ్చు. ఈ నాలుగింటికీ విడివిడి కౌంటర్లు పెట్టకుండా సీపీయూ శాతాన్నో బ్యాండ్‌విడ్త్‌నో మాత్రమే చూస్తే, నాలుగు వేర్వేరు లోపాలు ఒకే గీతగా కనబడతాయి.

దీనితోపాటు ప్రతి నోడ్ సామర్థ్యాన్ని కూడా రాసుకోవాలి. పీర్-టు-పీర్‌లో నోడ్లన్నీ ఒకే రకం యంత్రాలు కావు. గంటకు 10,000 రిక్వెస్టులు తీర్చగల నోడ్ 6,000 మోయడం, 2,000 మాత్రమే తీర్చగల నోడ్ 1,900 మోయడం పోల్చి చూస్తే, ప్రమాదంలో ఉన్నది రెండోదే. అందువల్ల పోలిక ఎప్పుడూ లోడ్‌ను సామర్థ్యంతో భాగించిన తర్వాతే చేయాలి. అయితే భాగించక ముందున్న అంకెలను పారేయకూడదు, మూడో మెట్టులో అవే కావాలి.

రెండో మెట్టు: అబద్ధం చెప్పని కొలత

కొలతలో జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా మోసకరమైనది, తీర్చిన రిక్వెస్టులను లెక్కించి వచ్చిన రిక్వెస్టులను వదిలేయడం. భారం మించిన నోడ్ కొన్ని ప్యాకెట్లను జారవిడుస్తుంది. దాని ‘తీర్చినవి’ లెక్క సామర్థ్యం దగ్గర ఆగిపోతుంది కాబట్టి, గ్రాఫ్‌లో ఆ నోడ్ అందరిలాగే మామూలుగా కనబడుతుంది. యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూడని రవాణా పద్ధతి) వాడే నెట్‌వర్క్‌లలో ఈ జారుడు అప్లికేషన్ దాకా రాకుండా కెర్నల్ స్థాయిలోనే జరిగిపోతుంది. లినక్స్ నోడ్లలో యూడీపీ గణాంకాలలోని రిసీవ్ బఫర్ ఎర్రర్ల కౌంటర్ పెరుగుతున్నదా, కనెక్షన్ ట్రాకింగ్ పట్టిక నిండిపోయి ప్యాకెట్లు పడవేస్తున్నట్టు కెర్నల్ లాగ్‌లో సందేశం ఉన్నదా అన్న రెండింటినీ చూడకుండా ఏ నోడ్‌నూ ఆరోగ్యంగా ఉన్నదని నిర్ధారించకూడదు.

రెండో మోసం కూడా దీని తోబుట్టువే. నెట్‌వర్క్ అంతా తిరిగి ప్రతి నోడ్‌ను ‘నీ లోడ్ ఎంత’ అని అడిగే క్రాలర్‌కు, అన్నిటికన్నా నలిగిపోతున్న నోడే జవాబు ఇవ్వదు. జవాబు రాని నోడ్లను లెక్కలోంచి తీసేస్తే, మనం ఎవరి కోసం వెతుకుతున్నామో వారే జాబితాలో ఉండరు. జవాబు ఇవ్వని నోడ్లను విడి వరుసలో ఉంచి, వాటి పొరుగు నోడ్ల దగ్గర ఉన్న టైమౌట్ లెక్కలతో వాటి పరిస్థితిని అంచనా వేయాలి.

మూడోది మళ్లీ పంపిన రిక్వెస్టుల సంగతి. జవాబు ఆలస్యమైతే అడిగిన నోడ్ మళ్లీ అడుగుతుంది, ఆ రెండో ప్రశ్న కూడా లోడే. ఒక నోడ్ నెమ్మదించిన తర్వాత దానికి వచ్చే రిక్వెస్టులు రెట్టింపయ్యాయంటే, వాటిలో ఎన్ని కొత్తవి, ఎన్ని తిరగబెట్టినవి అన్నది రిక్వెస్ట్ గుర్తింపు సంఖ్య ఆధారంగా వేరు చేయాలి. అలాగే కడెమ్లియాలో ఒక వెతుకులాట ఒకేసారి మూడు నోడ్లను అడగడం మూల రూపకల్పనలోనే ఉన్నది కనుక, వెతుకులాటల సంఖ్య కన్నా సందేశాల సంఖ్య చాలా ఎక్కువగా ఉండటాన్ని లోపంగా పరిగణించనవసరం లేదు.

అన్ని నోడ్ల కొలతలూ ఒకే కాలవ్యవధికి చెందినవై ఉండాలి. గంట కిటికీతో, అంటే గంటకొక లెక్కతో మొదలుపెట్టి, అదే డేటాను నిమిషం కిటికీతో కూడా దాచుకుంటే ఎనిమిదో మెట్టులో పనికి వస్తుంది.

మూడో మెట్టు: యాదృచ్ఛికత వల్ల వచ్చే అసమతుల్యాన్ని లెక్కగట్టడం

ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ, నా దృష్టిలో మొత్తం పరిశీలనకు ఇదే వెన్నెముక. హ్యాష్ ఫంక్షన్ అందరికీ సమానంగా పంచుతుందన్న నమ్మకం సగమే నిజం. కీలను అది సమానంగా వెదజల్లుతుంది, కానీ నోడ్లను కూడా వలయం (నోడ్ల ఐడీలూ కీలూ ఒకే వరుసలో అమరి, చివర మళ్లీ మొదటికి కలిసే అంకెల చక్రం) మీద యాదృచ్ఛికంగానే నిలబెడుతుంది కాబట్టి నోడ్ల మధ్య ఖాళీలు సమానంగా ఉండవు. కార్డ్ తరహా వలయంలో ఒక నోడ్‌కూ దాని ముందున్న నోడ్‌కూ మధ్య ఉన్న ఖాళీయే ఆ నోడ్ వాటా.

ఒక్కో నోడ్‌కు ఒక్కో ఐడీ ఉన్న నెట్‌వర్క్‌లో అతిపెద్ద వాటా సగటు వాటాకు ఎన్ని రెట్లు ఉంటుందో చెప్పడానికి సులువైన సూత్రం ఉంది. 1 + 1/2 + 1/3 అంటూ నోడ్ల సంఖ్య దాకా కూడితే వచ్చేదే ఆ నిష్పత్తి సగటు విలువ. 100 నోడ్లకు అది సుమారు 5.2, 1,000 నోడ్లకు 7.5, 10,000 నోడ్లకు 9.8. అంటే 1,000 నోడ్ల నెట్‌వర్క్‌లో ఒక నోడ్ సగటుకు ఏడు రెట్ల కీలను మోస్తున్నదని తెలిసినప్పుడు కంగారు పడి కోడ్‌లో తప్పు వెతకనవసరం లేదు, కోడ్ సరిగ్గా రాసినట్లయితే రావలసిన అంకె అదే. అదే నెట్‌వర్క్‌లో నిష్పత్తి 11.5 దాటే అవకాశం నూటికి ఒక్కటి మాత్రమే కనుక, అక్కడి నుంచి అనుమానించడం సమంజసం.

గరిష్ఠాన్ని ఒక్కదాన్నే చూడటం కన్నా మొత్తం పంపిణీని ఒక అంకెలో చూడాలంటే, ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించాలి. ఒక్కో నోడ్‌కు ఒక్కో ఐడీ ఉంటే ఈ విలువ 1కి దగ్గరగా వస్తుంది. ఒక్కో నోడ్‌కు అనేక వర్చువల్ నోడ్లు (వలయం మీద ఒకే యంత్రానికి ఇచ్చిన వేర్వేరు స్థానాలు) ఉంటే, 1ని ఆ సంఖ్య వర్గమూలంతో భాగించిన విలువ వస్తుంది. 16 ఉంటే 0.25, 100 ఉంటే 0.1, 256 ఉంటే సుమారు 0.06. వర్చువల్ నోడ్లు 100 ఉన్నాయని కాన్ఫిగరేషన్ చెబుతుంటే, కొలతలో 0.7 వస్తున్నదంటే, వర్చువల్ నోడ్లు నిజంగా అమలులో లేవనో, అన్నీ ఒకే విత్తనం (యాదృచ్ఛిక సంఖ్యలకు మొదలుగా ఇచ్చే అంకె) నుంచి పుట్టి ఒకేచోట గుమిగూడాయనో అర్థం.

వర్చువల్ నోడ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకోకూడదు. పీర్-టు-పీర్ అమరికనే డేటాబేస్‌గా వాడే కసాండ్రాలో 1.2 వెర్షన్‌తో వచ్చిన డిఫాల్ట్ సంఖ్య 256 కాగా, 4.0 వెర్షన్‌లో దాన్ని 16కు తగ్గించి, స్థానాలను యాదృచ్ఛికంగా కాక లెక్కగట్టి ఎంచుకునే పద్ధతిని జతచేశారు. వర్చువల్ నోడ్లు పెరిగేకొద్దీ ప్రతి నోడ్‌కూ పొరుగు నోడ్లు పెరుగుతాయి, రెండు మూడు యంత్రాలు ఒకేసారి పడిపోయినప్పుడు ఏదో ఒక భాగపు నకళ్లన్నీ అందకుండా పోయే అవకాశమూ పెరుగుతుంది.

కడెమ్లియాలో వాటా లెక్క కాస్త వేరు. దూరాన్ని ఎక్స్‌ఓఆర్‌తో (రెండు ఐడీల బిట్లు ఎక్కడెక్కడ వేరుగా ఉన్నాయో చూసే లెక్కతో) కొలుస్తారు కాబట్టి, ఐడీలను బిట్ల చెట్టుగా గీస్తే కొమ్మ రెండుగా చీలిన ప్రతిచోటా కీలు సగానికి సగం పంచుకుంటాయి. అందువల్ల ‘అత్యంత దగ్గరి నోడ్’ అన్న హోదాలో ఒక నోడ్‌కు వచ్చే వాటా ఎప్పుడూ 1/256, 1/512, 1/1024 వంటి అంకెగానే ఉంటుంది, వాటి మధ్యలోని విలువలు రావు. అయితే ఒక విలువను ఒక్క నోడ్ దగ్గరే కాక దగ్గరి నోడ్లన్నిటి దగ్గరా దాచుతారు. కడెమ్లియా మూల రూపకల్పనలో ఉదాహరణగా ఇచ్చిన సంఖ్య 20, బిట్‌టొరెంట్ హ్యాష్ టేబుల్‌లో 8. ఈ నకళ్ల వల్ల ఎగుడుదిగుడు చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి కడెమ్లియా నెట్‌వర్క్‌లో నిలవ డేటాలో పెద్ద తేడా కనబడితే, కార్డ్ వలయంలో కన్నా దాన్ని ఎక్కువ అనుమానంతో చూడాలి.

నాలుగో మెట్టు: వాటాకు వచ్చిన దానినీ, వాటాను మించి వచ్చిన దానినీ విడగొట్టడం

ఇక్కడ చిన్న వలయాన్ని తీసుకుని చేతితో లెక్క చేసి చూద్దాం. వలయం చుట్టుకొలత 1,000 స్థానాలు, దాని మీద 40, 95, 310, 360, 420, 790, 850, 985 స్థానాల్లో ఎనిమిది నోడ్లు ఉన్నాయనుకుందాం. ప్రతి కీ తన తర్వాత వచ్చే మొదటి నోడ్‌కు చెందుతుంది. వాటాలు వరుసగా 55, 55, 215, 50, 60, 370, 60, 135 అవుతాయి. సగటు 125. అతిపెద్ద వాటా 790 స్థానంలోని నోడ్‌ది, అది సగటుకు 2.96 రెట్లు. ఎనిమిది నోడ్లకు పై సూత్రం ఇచ్చే విలువ 2.72 కాబట్టి, ఈ వలయం యాదృచ్ఛికంగా ఏర్పడిన మామూలు వలయమే.

ఇప్పుడు ఒక గంటలో మొత్తం 80,000 రిక్వెస్టులు వచ్చాయనీ, వాటిలో 790 నోడ్‌కు 25,500, 360 నోడ్‌కు 14,600 చేరాయనీ అనుకుందాం. గ్రాఫ్ చూసిన ఎవరైనా 790నే దోషిగా నిలబెడతారు. కానీ ప్రతి నోడ్ వాటా ప్రకారం రావలసిన రిక్వెస్టులతో వచ్చినవాటిని భాగించి చూడండి. 790 వాటా 37 శాతం, దానికి 29,600 రావాలి, వచ్చినవి 25,500, నిష్పత్తి 0.86. అంటే రావలసినదాని కన్నా తక్కువే వచ్చింది. 360 వాటా 5 శాతమే, దానికి 4,000 రావాలి, వచ్చినవి 14,600, నిష్పత్తి 3.65. 790 నోడ్‌కు ఉన్న ఇబ్బంది వలయంలో దాని స్థానం. 360 నోడ్ దగ్గర జరుగుతున్నది పూర్తిగా వేరే సంగతి. మందు కూడా ఒకటి కాదు.

ఇంకో సంగతి గమనించండి. మిగిలిన నోడ్లన్నిటి నిష్పత్తి కూడా 0.86 దగ్గరే ఉంటే, అందరి నుంచీ సమానంగా ఏదో తగ్గి ఒక్కచోట పోగుపడిందని అర్థం. ఒకే ఒక్క కీ మొత్తం రిక్వెస్టులలో 14 శాతం లాగేసుకున్నప్పుడు ఈ ఆకారమే వస్తుంది. 0.86 కాక నిష్పత్తులు నోడ్‌కు ఒక రకంగా చెదిరి ఉంటే, ఆదరణ ఉన్న కీలు ఒకటి కాక అనేకం ఉన్నాయని అనుకోవాలి. నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా ఈ నిష్పత్తుల పట్టిక తయారుచేయడం కొన్ని నిమిషాల పని. ఒకసారి నేను ఈ పట్టిక వేయకుండా రెండు రోజుల పాటు కొత్త నోడ్లు కలుపుతూ పోయాను. చివరికి లెక్క వేసి చూస్తే, భారమంతా ఒకే కీ మీద ఉన్నది, ఎన్ని నోడ్లు కలిపినా ఒక కీని రెండుగా చీల్చలేవు.

ఐదో మెట్టు: నిష్పత్తి 1ని బాగా మించిన నోడ్ దగ్గర ఏ కీ వేడెక్కిందో పట్టుకోవడం

ఆ నోడ్ దగ్గర కీల వారీగా లెక్కించాలి. కీలు కొద్దిగా ఉంటే మామూలు పట్టిక చాలు. లక్షల్లో ఉంటే, అన్నిటినీ గుర్తుపెట్టుకోకుండా తరచుగా వచ్చేవాటిని మాత్రమే పట్టి ఉంచే కౌంట్-మిన్ స్కెచ్ లేదా స్పేస్-సేవింగ్ వంటి అల్గారిథం పెట్టవచ్చు, అప్పుడు కొద్దిపాటి మెమరీతోనే పని జరుగుతుంది. పై ఉదాహరణలో 360 నోడ్ దగ్గర ఒక్క కీకే 11,200 రిక్వెస్టులు కనబడతాయి. దాన్ని తీసేస్తే మిగిలేవి 3,400. ఆ కీని పక్కనపెడితే మొత్తం 68,800, అందులో 5 శాతం వాటాగా ఆ నోడ్‌కు న్యాయంగా రావలసినవి సుమారు అంతే.

వేడెక్కిన కీ తేలిన తర్వాత, అది ఎవరి నుంచి వస్తున్నదో కూడా చూడాలి. అడిగేవారు వేలమంది అయితే అది నిజమైన ఆదరణ. కంటెంట్ ఆదరణ కొద్దిపాటి కీల దగ్గర పోగుపడటం (దీన్నే జిప్ఫ్ తరహా పంపిణీ అంటారు) సహజం. దీనికి మందు క్యాషింగ్ (జవాబు నకలును దారిలోనే తాత్కాలికంగా దాచుకోవడం), లేదా ఆ కీకి మాత్రమే అదనపు నకళ్లు. కడెమ్లియా రూపకల్పనలోనే దీనికి ఏర్పాటు ఉన్నది: వెతుకులాట ముగిసిన నోడ్, తాను దారిలో అడిగినవారిలో ఆ విలువ లేని అత్యంత దగ్గరి నోడ్ దగ్గర ఒక నకలు ఉంచుతుంది. చాలా అమలులలో ఈ భాగాన్ని వదిలేస్తారు, మీ అమలులో ఉన్నదో లేదో కోడ్ తెరిచి చూడటం మంచిది. అడిగేది ఒకే నోడ్ అయి, నిమిషానికి వందలసార్లు అదే కీని అడుగుతుంటే అది ఆదరణ కాదు, ఆ క్లయింట్‌లో ఫలితాన్ని దాచుకోని లూప్ ఏదో ఉన్నది. ఆ లోపం సరిచేయకుండా క్యాష్ పెడితే, లోడ్ తగ్గినట్టు కనబడినా తప్పు అలాగే దాగి ఉంటుంది.

ఆరో మెట్టు: రూటింగ్ భారాన్ని విడిగా చూడటం

కీలూ తక్కువే, ఆ కీల కోసం వచ్చే రిక్వెస్టులూ తక్కువే, అయినా నోడ్ మీద సందేశాల వర్షం కురుస్తున్నదంటే, ఇతరుల రూటింగ్ పట్టికలలో (దారి చూపడానికి ప్రతి నోడ్ దాచుకునే ఇతర నోడ్ల జాబితాలలో) దాని పేరు ఎక్కువసార్లు ఉండి ఉంటుంది. క్రాలర్‌తో ప్రతి నోడ్ రూటింగ్ పట్టికనూ సేకరించి, ఒక్కో నోడ్ పేరు ఎన్ని పట్టికలలో కనబడుతున్నదో లెక్కించాలి.

కార్డ్‌లో పెద్ద ఖాళీ ఉన్న నోడ్‌కు రెండు దెబ్బలు తగులుతాయి. ఇతరుల ఫింగర్ పట్టికలు (కార్డ్‌లో రూటింగ్ పట్టికల పేరు) వలయం మీద కొన్ని బిందువులను ఎంచుకుని, ఆ బిందువు తర్వాత వచ్చే నోడ్‌ను రాసుకుంటాయి కనుక, ఖాళీ ఎంత పెద్దదైతే ఆ నోడ్ పేరు అన్ని పట్టికలలోకి ఎక్కుతుంది. కడెమ్లియాలో ఈ ఒరిగింపు వయసును బట్టి వస్తుంది. చాలాకాలంగా జవాబిస్తున్న నోడ్‌ను తీసేసి కొత్తదాన్ని చేర్చకూడదన్నది దాని నియమం, ఎక్కువసేపు నిలిచిన నోడ్ ఇంకా నిలుస్తుందన్న పరిశీలన మీద ఆ నియమాన్ని పెట్టారు. స్థిరత్వానికి ఇది మేలు చేస్తుంది, కానీ నెలల తరబడి ఆగకుండా నడిచే నోడ్ మీద దారి చూపే పని పెరుగుతూ పోతుంది. లెక్కలో నోడ్ వయసుకూ, దాని పేరున్న పట్టికల సంఖ్యకూ పొంతన కనబడితే కారణం ఇదే. బూట్‌స్ట్రాప్ నోడ్లను మాత్రం ఈ పోలికలోంచి బయట ఉంచాలి, నెట్‌వర్క్‌లోకి వచ్చే ప్రతివారూ మొదట వాటినే పలకరిస్తారు.

ఏడో మెట్టు: లెక్కలో ఉన్న నోడ్లలో నిజంగా చేరుకోగలిగినవి ఎన్ని

నెట్‌వర్క్‌లో 1,000 నోడ్లు ఉన్నాయని మన డ్యాష్‌బోర్డ్ చెబుతుంటే, వాటిలో 600 న్యాట్ (అనేక యంత్రాలను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచే రౌటర్ ఏర్పాటు) వెనుక ఉండి బయటి నుంచి కొత్త కనెక్షన్లను స్వీకరించలేకపోతే, పని చేస్తున్నవి 400 మాత్రమే. ఆ 400 మీద సగటు భారం అనుకున్నదానికి రెండున్నర రెట్లు. మూడో మెట్టులోని లెక్కలన్నిటిలోనూ నోడ్ల సంఖ్యగా వేయవలసింది 400 తప్ప 1,000 కాదు.

ఒక నోడ్‌ను బయటి నుంచి చేరుకోగలమా అన్నది పరీక్షించేటప్పుడు ఒక చిన్న మెలకువ అవసరం. ఆ నోడ్ ఇంతకుముందు మాట్లాడిన చిరునామా నుంచే పరీక్షిస్తే, న్యాట్‌లో అప్పటికే తెరిచి ఉన్న దారి గుండా ప్యాకెట్ లోపలికి వెళ్లి, చేరుకోగలమన్న తప్పుడు ఫలితం వస్తుంది. ఆ నోడ్ ఎన్నడూ పలకరించని మరో చిరునామా నుంచి, వేరే పోర్ట్ నుంచి పరీక్షించాలి. యూడీపీ దారులను రెండు నిమిషాలలోపు మూసివేయకూడదని 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4787 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెబుతున్నా, అంతకన్నా ముందే మూసేసే పరికరాలు ఎన్నో వాడుకలో ఉన్నాయి. కాబట్టి ఒకసారి చేసిన పరీక్షతో సరిపెట్టకుండా ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా ఉంచి మళ్లీ చేయాలి. చేరుకోలేని నోడ్‌ను హ్యాష్ టేబుల్‌లో సర్వర్‌గా కాక క్లయింట్‌గా మాత్రమే ఉండనివ్వడం సరైన మందు. అది ఇతరుల పట్టికలలో కూర్చుంటే, దాన్ని అడిగిన ప్రతివారూ టైమౌట్ దాకా వేచి, పక్క నోడ్‌ను అడుగుతారు. ఆ పక్క నోడ్ మీద పడే అదనపు భారానికి కారణం దాని దగ్గర ఎంత వెతికినా దొరకదు.

ఎనిమిదో మెట్టు: గంట కిటికీలో కనబడని కుదుపులు

గంట సగటులో అంతా సమంగా ఉండి, ఫిర్యాదులు మాత్రం ఆగకపోతే నిమిషం కిటికీ తెరవాలి. కడెమ్లియా రూపకల్పనలో విలువలను గంటకోసారి మళ్లీ ప్రకటించే ఏర్పాటు ఉన్నది. నోడ్లన్నీ ఒకే అప్‌డేట్ తర్వాత ఒకేసారి పునఃప్రారంభమైతే, ప్రతి గంటా అదే నిమిషంలో అందరూ కలిసి ప్రకటిస్తారు. కుదుపుల మధ్య దూరం ఏదైనా టైమర్ విలువతో సరిగ్గా సరిపోతే, ఆ టైమర్‌కు కొంత యాదృచ్ఛిక జాప్యం కలపడంతో సమస్య తీరుతుంది.

కుదుపు నియమిత వ్యవధిలో కాక, నోడ్లు రావడం పోవడం జరిగినప్పుడల్లా వస్తుంటే, అది డేటా బదిలీ భారం. ఇక మూడో రకం కాస్త విచిత్రమైనది, లోడ్‌ను సమం చేయడానికి మనం పెట్టిన యంత్రాంగమే లోడ్‌ను ఊపుతూ ఉంటుంది. ప్రతి నోడ్ నిమిషానికోసారి తన లోడ్‌ను ప్రకటిస్తుందనుకోండి, అందరూ ఆ ప్రకటన చూసి ఖాళీగా ఉన్న ఒకే నోడ్ మీదికి పరుగెడతారు. తర్వాతి ప్రకటన వచ్చేసరికి అది మునిగిపోయి ఉంటుంది, అందరూ మరోవైపు మళ్లుతారు. గ్రాఫ్‌లో రంపపు పళ్ల ఆకారం కనబడి, పంటికీ పంటికీ మధ్య దూరం ప్రకటనల వ్యవధితో సమానంగా ఉంటే వేరే రుజువు అక్కరలేదు. అందరిలోకీ ఖాళీగా ఉన్నవారిని ఎంచుకునే బదులు, యాదృచ్ఛికంగా ఇద్దరిని తీసుకుని వారిలో తక్కువ లోడ్ ఉన్నవారికి పని ఇవ్వడం దీనికి బాగా పనిచేసే మార్గం. తాజా సమాచారం ఉన్నప్పుడు కేవలం ఈ రెండో ఎంపిక వల్లనే గరిష్ఠ భారం ఎంతగానో తగ్గుతుందని సిద్ధాంతపరంగానూ నిరూపితమైంది.

తొమ్మిదో మెట్టు: ఐడీలు నిజంగా యాదృచ్ఛికమేనా

ఎవరైనా తమ ఐడీని తామే ఎంచుకోగల నెట్‌వర్క్ అయితే, ఒక కీ చుట్టూ కావాలని నోడ్లను మోహరించడం సాధ్యమే. దీన్ని గుర్తించడానికి సులువైన లెక్క ఉన్నది. పది లక్షల నోడ్ల నెట్‌వర్క్‌లో ఒక కీకి అత్యంత దగ్గరగా ఉన్న నోడ్ ఐడీ, ఆ కీతో మొదటి 20 బిట్ల దాకా కలవడం సహజం. 40 బిట్లు కలిసే నోడ్ ఒకటి యాదృచ్ఛికంగా ఉండే అవకాశం పది లక్షల్లో ఒకటి. అలాంటివి నాలుగైదు ఒకే కీ దగ్గర ఉంటే, అవి అక్కడ వాటంతట అవి పడినవి కావు. ఐడీని ఐపీ చిరునామాకు ముడిపెట్టడం ఒక నివారణ, బిట్‌టొరెంట్ హ్యాష్ టేబుల్ కోసం అటువంటి ప్రతిపాదన ఉన్నది.

ఫైలు పంపిణీ సమూహాలలో

బిట్‌టొరెంట్ తరహా సమూహంలో చూడవలసిన మొదటి అంకె, సీడ్ (పూర్తి ఫైలు ఉండి ఇతరులకు పంచే పీర్) అప్‌లోడ్ చేసిన మొత్తాన్ని అందరూ కలిసి డౌన్‌లోడ్ చేసిన మొత్తంతో భాగించగా వచ్చేది. 2 జీబీ ఫైలును పదిమంది పూర్తిగా దించుకున్నారనుకుంటే మొత్తం 20 జీబీ. అందులో 18 జీబీ సీడ్ నుంచే వెళ్లిందంటే పీర్లు తమలో తాము పంచుకున్నది 2 జీబీ మాత్రమే, అది పేరుకే పీర్-టు-పీర్.

కారణం కోసం ఒక్కో ముక్క ఎంతమంది దగ్గర ఉన్నదో లెక్కించండి. అందరి దగ్గరా అవే ముక్కలు ఉంటే ఒకరికొకరు ఇచ్చుకోవడానికి ఏమీ లేదు. అరుదైన ముక్కను ముందు తీసుకోవాలన్న నియమం పనిచేయడం లేదన్నమాట, సాధారణంగా ఒక్కో పీర్‌కు కనబడే పొరుగువారు మరీ తక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. ముక్కలు వైవిధ్యంగా ఉండి కూడా మార్పిడి జరగకపోతే, పీర్లు న్యాట్ల వెనుక ఉండి ఒకరినొకరు చేరుకోలేకపోతున్నారేమో ఏడో మెట్టు పద్ధతిలో చూడాలి. ఎవరికి అప్‌లోడ్ చేయాలన్న నిర్ణయం సుమారు పది సెకన్లకోసారి, కొత్తవారికి అవకాశం ఇచ్చే ఎంపిక ముప్పై సెకన్లకోసారి మారుతుంది కనుక, నిమిషం కన్నా చిన్న కిటికీలో కనబడే అసమతుల్యానికి ఇక్కడ విలువ ఇవ్వకూడదు.

పదో మెట్టు: ఒక్కొక్కటిగా సరిచేసి, ముందే రాసుకున్న అంకెతో సరిపోల్చడం

మార్పు చేసే ముందు, దాని వల్ల ఏ అంకె ఎంతకు మారాలో రాసిపెట్టుకోవాలి. మన ఎనిమిది నోడ్ల వలయంలో మొదట వేడెక్కిన కీకి మాత్రమే క్యాషింగ్ పెడతాం. 360 నోడ్ గంటకు 14,600 నుంచి 3,400కు దగ్గరగా దిగాలి, 790 నోడ్ మాత్రం 25,500 దగ్గరే కదలకుండా ఉండాలి. 790 కూడా తగ్గిందంటే మన రోగనిర్ధారణలో ఏదో తప్పిపోయింది, రెండో మార్పు చేయకుండా అక్కడే ఆగాలి.

అది సరిపోయాక, 790 కోసం కొత్త నోడ్‌ను కలపాలి. దాని స్థానాన్ని హ్యాష్‌కు వదిలేస్తే, అది 420కీ 790కీ మధ్య పడే అవకాశం నూటికి 37 మాత్రమే. స్థానం మన చేతిలో ఉంటే 605 దగ్గర నిలబెట్టవచ్చు, అప్పుడు 605, 790 నోడ్లకు 185 చొప్పున వస్తుంది. ఇప్పుడు అతిపెద్ద వాటా 310 నోడ్‌కు ఉన్న 215, తొమ్మిది నోడ్ల సగటు 111, నిష్పత్తి 2.96 నుంచి 1.94కు దిగింది.

ఇక చివరి పరీక్షగా, రద్దీ తక్కువగా ఉన్న వేళ ఈ అతిపెద్ద నోడ్‌ను కావాలనే కొన్ని నిమిషాలు ఆపి చూడాలి. 310 ఆగిపోతే దాని వాటా మొత్తం తర్వాతి నోడ్ అయిన 360 మీద పడుతుంది, 50 ఉన్న వాటా 265 అవుతుంది. వేడెక్కిన కీ ఉన్నది ఆ నోడ్ దగ్గరే. పూర్తి రద్దీ వేళ క్యాష్ ఏ కారణం చేతనైనా పనిచేయకపోతే, దాని మీద గంటకు సుమారు 29,400 రిక్వెస్టులు పడతాయి. మనం పరిశీలన మొదలుపెట్టినప్పుడు 790 మోసినదాని కన్నా ఇది ఎక్కువ. 360 యంత్రం సామర్థ్యం ఈ అంకెను తట్టుకోగలదా లేదా అన్నది మొదటి మెట్టులో రాసుకున్న పట్టికలోనే ఉన్నది. తట్టుకోలేకపోతే, 95కీ 310కీ మధ్య మరో నోడ్‌ను నిలబెట్టిన తర్వాతే ఆ పరీక్ష చేయాలి.